గుండిగలో తల

మా అత్తగారు వరమ్మ గారు సౌదీలోని దమ్మామ్‌లో ఉన్నన్నాళ్ళూ నేర్చుకున్న అరబ్బీ మాటలు రెండే. ఒకటి ఖలాస్. అయిపోయిందని చెప్పడానికి గల్ఫులో కాలుపెట్టిన ప్రతివాళ్ళకీ అది వచ్చేస్తుంది. రెండోది బత్తీఖ్, అంటే పుచ్చకాయ. ఆవిడకు పుచ్చకాయల మీద మక్కువేమీ లేదు. అబూ బత్తీఖ్ అని ఒక నవ్వుల సీరియల్లో వంటవాడున్నాడు, వాడంటే ఆవిడకు ప్రాణం. తొంభై ఒకటిలో యుద్ధం జరిగిన ఆ చలికాలం మా ఇంట్లో ఉన్నది నలుగురం కాదు, వాడితో కలిపి ఐదుగురం.

మనవరాలిని చూసుకుందామని ఆవిడ అంతకు ముందు వేసవిలో విజిట్ వీసా మీద వచ్చారు. వచ్చిన కొద్దిరోజులకే పక్కనున్న కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగింది. ఇవాళ పంపిద్దాం, రేపు పంపిద్దాం అనుకుంటుండగానే జనవరి వచ్చింది, మా వైపు విమానాలు ఆగిపోయాయి. మేం కదిలే వీలు అసలే లేదు. నేను ఆస్పత్రిలో నర్సుని, మా సెలవులన్నీ రద్దు చేశారు. మా ఆయన యిర్మీయా ఒక ఆయిల్ సర్వీసు కంపెనీ గోడౌన్లో స్టోర్‌కీపరు. ఆయన పాస్‌పోర్టు తనకు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలో ఉంది, యుద్ధం ముగిసేదాకా ఎగ్జిట్ పర్మిట్ మాట ఎత్తొద్దని కఫీల్ ముందే చెప్పేశాడు. మా అమ్మాయి షారోనుకి అప్పుడు ఆరేళ్ళు.

కింది వాటాలో ఉండే మెహరున్నిసా వాళ్ళది జగిత్యాల. ఇరాక్ స్కడ్ క్షిపణులు పడతాయన్న వార్త రాగానే వాళ్ళు కారు మీద సామాను కట్టుకుని జెద్దాకి బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ మెట్లెక్కి వచ్చి బరువైన సంచీ ఒకటి నా చేతిలో పెట్టింది.

“అక్కా, ఈ క్యాసెట్లు మీకాడ ఉంచున్రి. మీ అత్తమ్మకు మస్తు టైంపాస్ అయితది. మేం వాపస్ వచ్చినంక తీసుకుంటం, ఇన్షా అల్లా.”

అన్నీ అబూ బత్తీఖ్ క్యాసెట్లే. ఆమె భర్త టీవీలో వచ్చినప్పుడల్లా రికార్డు చేసి దాచుకున్నాడట. అందులో మాటలు మాకెవరికీ తెలియవు, తెలుసుకోవలసినంత కథా లేదు. బత్తీఖ్ ఒక హోటల్లో వంట చేస్తాడు. యజమాని తాటిచెట్టంత మనిషి, చేతిలో ఎప్పుడూ పొడుగాటి ఇత్తడి గరిటె. బత్తీఖ్ సూపులో తుమ్ముతాడు, నెత్తిన గరిటెతో ఒకటి పడుతుంది. ఆలివ్ కాయలనుకుని గొర్రె పెంటికలు నములుతాడు, ఇంకోటి పడుతుంది. కడుపు తిప్పి యజమాని బూటులో వాంతి చేసుకుంటాడు. ఆ యజమాని వచ్చి చూసుకోకుండా అదే బూటులో కాలు పెడతాడు. ఇక ఆ తర్వాత పడే దెబ్బలకు లెక్కే లేదు.

ప్రతి క్యాసెట్లోనూ గుండిగ ఘట్టం ఒకటి ఉండేది. అడుగంటిన మాంసం గీరి తినబోయి బత్తీఖ్ తల గుండిగలో ఇరికించుకుంటాడు. రెండు చేతులతో పీక్కుంటాడు, కాళ్ళు తపతపా కొట్టుకుంటాడు. యజమాని లాగకపోగా ఊడిరాకుండా ఇంకా కిందికి అదుముతాడు, పైనుంచి గరిటెతో ఠంగుఠంగుమని మోగిస్తాడు. చివరికి బత్తీఖ్ వెల్లకిలా పడి కదలడు. కాసేపు చప్పుడే ఉండదు. అప్పుడు గుండిగ లోపల్నించి బ్రేవ్‌మని ఇంత పెద్ద తేన్పు వస్తుంది. మా అత్తగారు ఆ తేన్పు కోసమే కాచుకుని కూర్చుని, అది రాగానే పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ పడీపడీ నవ్వేవారు. ఊళ్ళో చర్చి స్త్రీల కూటానికి ఇరవై ఏళ్ళు పెద్దగా ఉన్న మనిషి!

“ఏంటత్తయ్యా ఆ రోత! తలమీద అన్ని దెబ్బలు పడితే మనిషి బతుకుతాడా?” అనేదాన్ని.

“బతికే ఉన్నాడు గదే. అదిగో, మళ్ళా లేశాడు సూడు.”

“రోజంతా వార్డులో వాంతులెత్తి వస్తే ఇంట్లో కూడా అవేనా?”

“అక్కడ నీది డూటీ. ఇక్కడ ఆడిది డూటీ. కూకో అమ్మాయ్, కూకుని నవ్వు.”

నవ్వు రాకేం, వచ్చేది. నవ్వుతూనే చిరాకుపడేదాన్ని. నర్సులకు రోత అంటే రోత ఉండదు, మెస్సులో అన్నం తింటూ మేం చెప్పుకునే జోకులు వింటే మామూలు మనుషులు లేచి పారిపోతారు. నాకు ఎక్కనివి ఆ దెబ్బలు. మా వార్డుకు వచ్చే దెబ్బకు ఒక పేరుంటుంది, వయసుంటుంది, తలుపు బయట ఏడ్చే తల్లి ఉంటుంది. బత్తీఖ్‌కి తగిలే దెబ్బకు ఏమీ ఉండదు. నొప్పి లేని దెబ్బను పిల్లకు చూపించొచ్చా లేదా అనేది నాకు ఎంత ఆలోచించినా తేలేది కాదు.

మా ఆయనకు మాత్రం ఎప్పుడో తేలిపోయింది. ఆయన అసలే నవ్వే మనిషి కాదు. బైబిల్లోని కన్నీళ్ళ ప్రవక్త పేరు పెట్టారు కదా, ఆ పేరు నిలబెట్టడమే తన పని అనుకున్నారేమో.

“అమ్మా, బయట జనం చస్తుంటే ఇంట్లో ఈ తన్నులాటలేంటి? పిల్ల ఏం నేర్చుకుంటుంది?”

పిల్ల అప్పటికే నేర్చుకుంది. గరిటె పుచ్చుకుని నా మోకాలి చిప్ప వాయించేది. అక్కడ క్రైస్తవ ప్రార్థనలు నిషేధం కనుక రాత్రి తలుపులన్నీ వేసుకుని గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుంటుంటే, ఆయన ఆమెన్ అనగానే ఇది బ్రేవ్‌మనేది. మా అత్తగారు కళ్ళు మూసుకునే ఉండి భుజాలు కదిలిపోయేలా నవ్వేవారు.

స్కడ్లలో విషవాయువు ఉండొచ్చని కంపెనీ వాళ్ళు గ్యాసు మాస్కులు మూడు ఇచ్చారు. విజిట్ వీసా మీద ఉన్న మనిషి వాళ్ళ లెక్కలోకి రాదు. మా ఆయన తన మాస్కు తల్లికి ఇవ్వబోతే ఆవిడ పక్కకు నెట్టేశారు.

“నాకా పంది మూతి వద్దురా. తడి తువ్వాలు సాలు. నేను తినాల్సిన ఉప్పు తినేశాను.”

మాస్కు ముందు భాగంలో ముంతలాంటి డబ్బా ఒకటి బిగించి ఉంటుంది, గాలి అందులోంచి వడకట్టుకుని రావాలి. ఆ డబ్బా మూతికి రబ్బరు బిరడా ఉంటుంది. బిరడా తీసినప్పటి నుంచీ లోపలి మందు కొంచెం కొంచెంగా బలం తగ్గిపోతుందని కంపెనీ మనిషి చెప్పాడట. ఒక స్టోర్‌కీపరుకి ఆ మాట చాలు. సీలు విప్పిన సరుకు సరుకే కాదన్నది ఆయన నమ్మకం. సైరన్ మోగితే ముగ్గురి బిరడాలూ తనే పీకేవారు, ముప్పు తప్పిందని ఆల్ క్లియర్ మోగగానే మళ్ళీ తనే బిగించి మాస్కులు అలమరలో పెట్టేవారు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన జాగ్రత్త చూసి నాకు ధైర్యంగా ఉండేది.

మొదటిసారి సైరన్ మోగినప్పుడు షారోను మాస్కు చూసి కెవ్వుమంది. లోపలి గది కిటికీలకు ప్లాస్టిక్ షీటు అతికించి, తలుపు కింద తడి గుడ్డ దోపి, నలుగురం అందులో ఉన్నాం. అది గోడకు అతుక్కుపోయి మాస్కు దగ్గరికి తెస్తే ఊపిరి బిగబట్టేస్తోంది. నేను బుజ్జగించాను, ఆయన కసిరారు. లాభం లేకపోయింది. అప్పుడు మా అత్తగారు తువ్వాలు పక్కన పడేసి ముందుకు వచ్చారు.

“ఒసే షారోనూ! బత్తీఖ్‌గాడి తలకాయ గుండిగలో ఇరుక్కుపోయిందే! ఇప్పుడేం సేత్తాడే?”

ఏడుపు ఠక్కున ఆగింది. ముఖం తనే ముందుకు చాపింది. మాస్కు పడగానే రెండు చేతులతో పీక్కుంటున్నట్టు నటించి, కాళ్ళు తపతపలాడించి, వెల్లకిలా పడి, కదలకుండా ఉండి ఉండి, మాస్కు లోపల్నించి బ్రేవ్‌మంది. తన ఆటకు తనే నవ్వింది. నవ్వుతున్నప్పుడు దాని పొట్ట హాయిగా పైకీ కిందికీ ఆడడం నేను చూశాను. నవ్వాలంటే ఊపిరి తీయక తప్పదు కదా. ఆ పూట బత్తీఖ్‌కి నా మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడినుంచి సైరన్ అంటే మా పిల్లకు నాటకం గంట. ఆయన ముఖం ముడుచుకునేవారు కానీ మాస్కు పెట్టుకుంటోంది కదా అని ఊరుకునేవారు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చేప వేపుడుతో అన్నాలు తింటున్నాం. ఇంకా చేతులు కడుక్కోకముందే సైరన్ మోగింది. ఎంగిలి చేతులతోనే గదిలోకి పరుగెత్తాం. ఆయన నా మాస్కు బిరడా పీకి నాకిచ్చారు, తన మాస్కు బిరడా పీకారు. షారోను అప్పటికే బత్తీఖ్ అయిపోయింది. పొట్ట ముందుకు తోసుకుని, కాళ్ళు ఎడంగా వేసి నడుచుకుంటూ వచ్చి, ఆయన ముఖానికి ముఖం ఆనించి హాఛ్‌మని తుమ్మింది. దాని మామూలు దొంగ తుమ్ము కాదు, నిజం తుమ్ము. ఆయన కళ్ళజోడు నిండా చీమిడీ చేప మెతుకులూ పడ్డాయి.

ఇక అయిపోయింది, దీని వీపు చిట్లుతుంది అనుకున్నాను. ఆయన జోడు తీశారు. అద్దాల మీదున్నదాన్ని వేలితో తీసి చూసుకున్నారు. ముందు ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది, తర్వాత పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేశారు. మా పెళ్ళయ్యాక ఆయన అలా నవ్వగా నేను చూడలేదు. వరమ్మ గారయితే చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వుతూనే షారోనుకి మాస్కు తొడిగి పట్టీలు బిగించారు, తనదీ తొడుక్కున్నారు. తొడుక్కుని యజమాని అయిపోయారు. పిల్ల మాస్కు డబ్బా మీద వేళ్ళ కణుపులతో ఠక్ ఠక్ మని మోగించడం మొదలుపెట్టారు.

పిల్ల రెండు చేతులతో మాస్కు పీక్కుంది. ఆయన ఊడిపోకుండా అదిమి పట్టుకున్నారు. కాళ్ళు నేలకేసి తపతపా కొట్టుకుంది. మా అత్తగారు తువ్వాల్లో ముఖం దాచుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను, నా ఊపిరికి మాస్కు అద్దాలు మసకబారి సగం కనిపిస్తోంది, సగం లేదు. పిల్ల వెల్లకిలా పడింది. కదలడం మానేసింది. ఆయన చేతులు తీసేసి పక్కన కూర్చున్నారు. ముగ్గురం తేన్పు కోసం చూస్తున్నాం.

మా అత్తగారే ముందుగా నవ్వు ఆపారు.

“ఒరేయ్,” అన్నారు. “తేన్పు రాలేదేట్రా?”

ఆయనకు వినపడలేదు. నాకు వినపడింది, అయినా అది కూడా ఆటలో మాటే అనుకున్నాను. అప్పుడు పిల్ల చెయ్యి చూశాను. గోళ్ళు నీలంగా ఉన్నాయి. పిల్లలు దేన్నయినా నటిస్తారు కానీ గోళ్ళను నటించలేరు.

నా మాస్కు పీకేసి, దాని పట్టీలు లాగి పారేశాను. మాస్కు నిండా వాంతి. పక్కకు తిప్పి నోట్లో వేలు పెట్టి అన్నం మెతుకులు బయటికి గెంటాను, వీపు మీద చరిచాను, మళ్ళీ చరిచాను. ఒకసారి దగ్గింది. తర్వాత గీ పెట్టి ఏడ్చింది. దాన్ని గుండెలకు హత్తుకుని నేనూ ఏడ్చాను.

ఆయన తన మాస్కు తీసేసి, పిల్ల మాస్కు ఒళ్ళో పెట్టుకుని తిప్పి చూస్తున్నారు. డబ్బా మూతికి బిరడా అలాగే ఉంది. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. గదిలో ఎవరి ముఖానికీ మాస్కు లేదు, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ రాత్రి ఆయన మూడు బిరడాలూ చెత్తబుట్టలో పారేశారు. మర్నాడు మా అత్తగారు క్యాసెట్ల సంచీ మూతి కట్టి బీరువా మీదికి ఎక్కించారు. ఖలాస్ అని ఒక్కమాట అన్నారు, అంతే. నాకు ఆయన మీద కోపం రాలేదు, భయం వేసింది. పిల్లను చంపుకున్నంత పని చేస్తూ ముగ్గురం ఎంత సంతోషంగా ఉన్నామో ఇప్పటికీ మరిచిపోలేను.

పిల్లలకు అలాంటివేమీ ఉండవు. రెండో రోజుకే అడిగింది.

“మామ్మా, బత్తీఖ్ పెట్టు.”

“ఆ టీవీ పాడైపోయిందే తల్లీ.”

“పాడవలేదు. నాన్న వార్తలు చూశారుగా.”

మా ఆయన లేచి స్టూలు వేసుకుని సంచీ దింపారు. ఇన్నాళ్ళూ ఆ సీరియల్ ఆపమని పోరిన మనిషే తన చేత్తో క్యాసెట్ పెట్టి పిల్ల పక్కన కూర్చున్నారు. మా అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. గుండిగ ఘట్టం వచ్చింది. ఆయన కళ్ళు తెర మీదే ఉన్నాయి కానీ అరచేతులతో మోకాళ్ళు నులుముకుంటున్నారు. షారోను తెర చూడడం మానేసి ఆయన ముఖం చూస్తోంది.

“నాన్నా, బత్తీఖ్‌కి నిజంగా ఊపిరాడట్లేదనుకో. ఆ గరిటె పట్టుకున్నాయనకి ఎలా తెలుస్తుంది?”

“తెలీదమ్మా.”

“మరి నాకు నిజంగా ఆడకపోతే నేనెలా చెప్పాలి?”

నా దగ్గర జవాబుంది. చెయ్యి గిల్లమనో, మూడుసార్లు తట్టమనో ఒక గుర్తు చెప్పొచ్చు. కానీ అది అడిగింది నన్ను కాదు. ఆయన తెర మీంచి చూపు తిప్పి దాని వైపు తిరిగారు.

“నువ్వేం చెప్పక్కర్లేదు. నువ్వు ఎలా కొట్టుకున్నా నేను తీసేస్తాను.”

“ఉత్తుత్తికి కొట్టుకున్నా?”

“ఉత్తుత్తికైనా.”

ఆయన్ని వంటింట్లోకి పిలిచి గట్టిగానే అడిగాను.

“చిన్నపిల్లకి ఎవరైనా అలాంటి మాట ఇస్తారాండీ? అది ఆడుతుంది, ఆడకుండా ఉండదు. నిజంగా గ్యాసే వచ్చి, మీరు మాట ప్రకారం మాస్కు తీశారనుకోండి, పిల్ల దక్కుతుందా?”

మా అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ, “ఇచ్చేశాడు గదే అమ్మాయ్. ఇంకేం సేత్తాం,” అన్నారు.

తర్వాత కొన్నాళ్ళు సైరన్ మోగలేదు. యుద్ధం అయిపోవచ్చిందని ఆస్పత్రిలో అనుకుంటున్నారు. నేను మాత్రం డ్యూటీలో ఉన్నా ఇంట్లో ఉన్నా ఆ మాట గురించే ఆలోచించేదాన్ని. సైరన్ రాకుండానే ఇది గడిచిపోవాలని మొక్కుకునేదాన్ని.

నెలాఖరులో మోగింది. చీకటి పడి కాసేపయింది, నలుగురం ఇంట్లోనే ఉన్నాం. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాం. ఆయన షారోను మాస్కు తీసి, లోపలి వైపు తన నోరు ఆనించి, దాని కళ్ళ ముందే రెండుసార్లు గాలి పీల్చి చూపించారు. తర్వాత దానికి తొడిగారు. తనది తొడుక్కున్నారు.

అది కాసేపు బుద్ధిగా కూర్చుంది. ఆ తర్వాత రెండు చేతులూ మాస్కు మీద వేసి కాళ్ళు తపతపలాడించింది.

ఆయన వెంటనే పట్టీలు లాగి మాస్కు తీసేశారు.

“ఉత్తిదే నాన్నా,” అంది షారోను, కళ్ళు మెరిపించుకుంటూ.

ఆయన మళ్ళీ తొడిగారు. మళ్ళీ కాళ్ళు కొట్టుకుంది. మళ్ళీ తీసేశారు. మూడోసారి తీసేసరికి నేను ఉండబట్టలేక నా మాస్కు పైకెత్తి అరిచాను.

“ఏవండీ! మీకు మతిపోయిందా? ఇప్పుడు గ్యాసొస్తే?”

ఆయన నా వైపు తిరిగారు. ఆయన ముఖానికి మాస్కు లేదు. పిల్లది తీసినప్పుడల్లా తనదీ తీసేస్తున్నారని, అద్దాల మసకలో అప్పటిదాకా నేను గమనించనే లేదు.

“వస్తే ఇద్దరికీ వస్తుంది,” అన్నారు.

మా అత్తగారు తడి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకునే చూస్తున్నారు. షారోను కూడా ఆయన ఉత్త ముఖం వైపు అలాగే చూసింది. దాని కళ్ళలో మెరుపు పోయింది. నేల మీదున్న తన మాస్కు తీసుకుని తనే తొడుక్కోబోయి, ఆగి, దాన్ని పక్కన పెట్టింది. ఆయన మాస్కు రెండు చేతులతో ఎత్తి ఆయన ముఖానికి ఆనించింది. ఆ చిన్న వేళ్ళకు వెనక పట్టీలు అందడం లేదు.

“పెట్టుకో నాన్నా,” అంది. “ఇంక ఆడనులే.”

ఆయన తల వంచి పెట్టించుకున్నారు. తర్వాత దానికి తొడిగి పట్టీలు బిగించారు. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు కదపకుండా, పెద్దమనిషిలా కూర్చుంది. ఆ తర్వాత కాసేపటికి నేల అదిరింది.